గంప దించే చెయ్యి

మే 2

నిన్న పొద్దుటి నుంచి ఇవాళ సాయంత్రం దాకా నీ చెవిన పడ్డ మంచిమాటల్లో ఒక్కటైనా ఇంకొకరికి చేరవేశావా? చెడ్డమాటనైతే చేరవేశావు. అన్నం దగ్గర కూర్చుని, ఎంగిలి చెయ్యి కడుక్కోకముందే, ఎడమచేతి బొటనవేలితో ఊరందరికీ పంపించావు. అవునా, కాదా?

ఇది డైరీ. దీన్ని చదివేవాడు లేడు. అయినా ప్రశ్నతోనే మొదలైంది. ఏళ్ళ తరబడి ఉద్దానం రామమందిరాల్లో ప్రవచనాలు చెబుతూ జనాన్ని నిలదీసిన నోరు ఇది. ఎదురుగా ఎవరూ లేకపోతే నన్నే నిలదీస్తుంది. కానీ ఈ ప్రశ్నకి నేను తడుముకోనక్కర్లేదు. మంచిమాట మోయడమే నా వృత్తి.

కాశీబుగ్గలో ఫ్లెక్సీలు ముద్రించే షాపు మీద గది నాది. బోర్డు మీద 'వాక్కు, ప్రచార సలహాలు' అని ఉంటుంది. యజమానిని నేను, గుమస్తాని నేను, గొంతు నేను. పత్రికలకి ప్రకటన రాయడం, పెద్దమనిషికి ఉపన్యాసం రాయడం, ఆటో మైకుకి రికార్డింగు, వాట్సాప్ పోస్టరు. సలహాకి రండి అని బోర్డు పెడితే జనం మాత్రం "మైకు కూర్మారావు ఉన్నాడా?" అని కిందనుంచి కేకేస్తారు. ఇవాళ పొద్దున్న వచ్చిన జీడిపప్పు వ్యాపారి, పేకెట్టు మీద పప్పు బొమ్మకంటే తన బొమ్మ పెద్దగా ఉండాలన్నాడు. కొనేవాడు పప్పు చూసి కొంటాడయ్యా అంటే, నన్ను చూసే ఓటేశారు కదా వార్డులో అన్నాడు. ఇలాంటివాళ్ళ మధ్య బతుకు.

నేను కాలేజీ మెట్లెక్కలేదు. నౌపడ ఉప్పుమళ్ళలో పనిచేసే రోజుల్లో, వచ్చే రైల్లోనూ పోయే రైల్లోనూ ఆ పద్దెనిమిది అధ్యాయాల గ్రంథం చదివాను. ఎవరూ అర్థం చెప్పలేదు. అర్థమయ్యేదాకా చదివాను. పదిహేడో అధ్యాయంలో మాటకి సంబంధించిన తపస్సు ఒకటుంది. ఎదుటివాణ్ణి కలవరపెట్టనిది, నిజమైనది, వినడానికి ఇంపైనది, మేలు చేసేది. అదే మాట తపస్సు. నా విజిటింగ్ కార్డు మీద ఆ నాలుగూ ఉంటాయి. జీడిపప్పాయన కార్డు తిరగేసి, వెనకాల ఖాళీగా ఉంది కదా, కేలండరు వేయించకపోయావా అన్నాడు.

మధ్యాహ్నం బారువ నుంచి గంగమ్మ వచ్చింది. ఎండు చేపలమ్మే ఆడవాళ్ళ సంఘానికి ఆవిడ పెద్ద. వయసు నా తల్లికి దగ్గర. మెట్లెక్కి, గుమ్మంలోనే నిలబడి, "నోపలికి రావచ్చా బావూ, వాసనొత్తాదేమో" అంది. రమ్మన్నాను. కుర్చీ వద్దని గోడవార కూర్చుంది.

సంగతి ఇది. వాట్సాప్‌లో ఎవడో ఒక గొంతు పంపాడు. ఊరు లేదు, పేరు లేదు. ఈగలు వాలకుండా ఎండు చేపల మీద పురుగుమందు చల్లుతున్నారని అందులో ఉంది. అది సోంపేటలో ఒకరిద్దరి ఫోన్లలోకి, కంచిలిలో మరిద్దరి ఫోన్లలోకి వచ్చింది. సముద్రంలో వేట నిషేధం నడుస్తోంది. జూన్ దాకా పడవలు ఒడ్డునే. ఈ రెండు నెలలూ బారువ ఇళ్ళకి ముందే ఎండబెట్టుకున్న నెత్తళ్ళే, ఆ చిన్న చేపలే ఆధారం. వానలు పడేలోగా అమ్ముకోవాలి. చెమ్మ తగిలితే పారబోయడమే.

"రెండిళ్ళలో గంప దించలేదు బావూ" అంది. "ఇయ్యాల రెండిల్లు. రేపు ఈదంతా."

గంప సంగతి నాకు తెలుసు, ఉద్దానంలో పుట్టినవాణ్ణి. నిండు గంప తలకెత్తుకున్న మనిషి దాన్ని ఒంటరిగా దించుకోలేదు. ఇంటావిడ గుమ్మం దిగి వచ్చి, రెండోవైపు చెయ్యి వేసి దించాలి. దించాకే బేరం. బేరం కుదరకపోయినా మళ్ళీ ఎత్తాలి. చెయ్యి వెయ్యలేదంటే వద్దని చెప్పినట్టే. నోటితో చెప్పక్కర్లేదు.

"నారాయణరావు బాబు ఊరు నా వంతు, గురువారం గురువారం ఎల్తాను" అంది. "నువ్వక్కడ మందిరం కాడ సెబుతావు కదా, నీ మాటింటారు. నాతో ఓపాలి ఆ ఈదికి రా బావూ."

తిరగడం నా పని కాదనీ, పద్ధతి ప్రకారం ఉద్దానమంతా ఒకేసారి నిజం చెబుదామనీ అన్నాను. పద్ధతి అనే మాట ఆవిడకి నచ్చినట్టు లేదు. అయినా తలూపింది.


మే 4

రాశాను. చూసుకుంటే నాకే ఒళ్ళు పులకరించింది.

"అమ్మలారా, అయ్యలారా! మన బారువ ఎండు చేపల్లో పురుగుమందు ఉందని అబద్ధపు ప్రచారం జరుగుతోంది. నమ్మకండి! పురుగుమందు లేదు, లేదు, లేదు!"

మూడోసారి 'లేదు' అన్నప్పుడు గొంతు దించి లాగాను. ప్రవచనంలో చివరి మాటకి చేస్తానే, అలా.

ఇంట్లో వినిపించాను. వసంత బియ్యంలో రాళ్ళేరుతూ విని, "మందుందని ఎవులన్నారు?" అంది. ఎవరో అన్నారులే అన్నాను. "మన ఈదిలో ఎవులూ అన్లేదే" అంది. భార్యకి భర్త వృత్తి అర్థం కావడం అరుదు. ఇది ఫిర్యాదు కాదు.


మే 6

రవికుమార్ ఆటోకి రెండు మైకులు కట్టించాను. సోంపేట, కంచిలి, కవిటి వైపు కొబ్బరితోటల్లో ప్రతి ఊరికీ వెళ్ళమన్నాను. బయల్దేరేముందు రవికుమార్ మొహం చిట్లించాడు. "బావా, నిన్న సీరల డిస్కౌంటుకీ నీ గొంతే, మొన్న స్కూలు అడ్మిషన్లకీ నీ గొంతే. జనం సీరలకి పరిగెత్తుకొత్తారేమో" అన్నాడు. నవ్వాను. గొంతు ఒక్కటే అయినా మాట వేరు.


మే 7

స్పందన బ్రహ్మాండం. ప్రతి ఊళ్ళోనూ ఇదే మాట్లాడుకుంటున్నారని రవికుమార్ ఫోన్ చేశాడు.


మే 9

నారాయణరావు ఊరు వెళ్ళాను. జీడితోటల ఆసామి, అక్కడి రామమందిరం కమిటీకి పెద్ద, నన్ను మొదట ప్రవచనానికి కూర్చోబెట్టినవాడు. వచ్చే గురువారం మందిరం వార్షికోత్సవం, పొద్దున్న నాదే ప్రవచనం. దాని గురించి మాట్లాడదామని వెళ్తే టీ కొట్టు దగ్గర ఆపేశాడు.

"బావా, ఏ మందు?" అన్నాడు.

మందు లేదన్నాను.

"అది కాదు, నీ ఆటో సెప్పిన మందేటని. మా ఇంటిది మంగళారం దాకా నెత్తల్లు వండింది. ఆటో వచ్చినాక డబ్బాలో ఉన్నవి కూడా పెంటమీద పారేసింది."

వాట్సాప్‌లో వచ్చిందే ఆవిడ కూడా విన్నదేమో అన్నాను. తమ ఊళ్ళో ఎవరికీ అలాంటిది రాలేదని చెప్పాడు. టీ కొట్టాయన కూడా అదే అన్నాడు. బెంచీ మీద ఉన్నవాళ్ళంతా అదే అన్నారు. నిప్పు లేకుండా ఆటో ఎందుకు తిరుగుతుంది అని ఒకడు. లేదు లేదు అని అన్నిసార్లు అరిచాడంటే ఏదో ఉండే ఉంటుందని ఇంకొకడు. అందరూ నవ్వారు. నారాయణరావు నవ్వలేదు గానీ, గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా అడిగాడు.

"ఇంతకీ నువ్వు తింటావేటి?"

నేను చేప ముట్టి చాలా ఏళ్ళయింది. ఆయనకి తెలుసు. బెంచీ మొత్తానికి తెలుసు.

నిజం చెబితే అపార్థం చేసుకునే జనంతో ఎవడైనా ఏం చెయ్యగలడు? నా మాటలో తప్పుంటే చూపించమనండి. ఒక్క అక్షరం తప్పులేదు. వినేవాడి చెవి వంకరైతే చెప్పినవాడు బాధ్యుడా?


మే 10

నేను చెప్పింది నిజం. నిజమే చెప్పాను. నిజం తప్ప ఇంకోటి చెప్పలేదు.


మే 11

మాట వంకరగా వింటారు గనక బొమ్మ పెట్టాను. సోంపేట రోడ్డు మలుపులో పెద్ద ఫ్లెక్సీ. ఎడమవైపు చేప, కుడివైపు పురుగుమందు డబ్బా, డబ్బా మీద ఎర్రగా అడ్డగీతలు. కింద, 'పరీక్ష చేయించాం, మందు లేదు' అని. నిజంగానే ల్యాబుకి పంపి చేయించాం. నివేదిక నా దగ్గర ఉంది.

సాయంత్రం బస్సులో అటునుంచి వస్తూ చూశాను. అడ్డగీతలు దగ్గరికి వెళ్తే గాని కనబడవు. దూరం నుంచి చూస్తే చేప, పక్కన మందు డబ్బా. నా పక్క సీటు మనిషి తన భార్యకి వేలెత్తి చూపించాడు. ఆవిడ ముక్కు మూసుకుంది.

డిజైను కుర్రకుంకలకి ఎన్నిసార్లు చెప్పినా అంతే. బొమ్మ ఎలా ఉండాలో గీసి ఇచ్చింది నేనే అనుకో. అయినా ఎరుపు రంగు వాడు పలచగా కొట్టాడు.


మే 13

గంగమ్మ వచ్చింది. ఈసారి గుమ్మంలో ఆగలేదు. తిన్నగా వచ్చి గోడవార కూర్చుంది. మెడకి ఏదో నూనె రాసుకున్నట్టుంది, కర్పూరం వాసన.

కిందటి గురువారం నారాయణరావు ఊరు వెళ్ళిందట. మొదటి వీధి మొత్తం తిరిగింది. తలుపులు తీసే ఉన్నాయి. ఎవరూ గుమ్మం దిగలేదు. "నీల్లు తాగుతావేటి" అని ఒకావిడ లోపలినుంచే అడిగిందట. చేతులు గంప మీద ఉన్నప్పుడు నీళ్ళెలా తాగుతుంది? రెండో వీధి తిరిగింది. తోటల్లోంచి అవతలి ఊరు వెళ్ళింది. అక్కడా అంతే. దించేవాళ్ళు లేక, ఎండలో, ఆ బరువుతోనే. చివరికి తోటగట్టుకి ఆనుకుని గంప జారవిడుద్దామని చూస్తే ఒరిగిపోయింది. నెత్తళ్ళన్నీ ఇసకలో.

"ఏరుకున్నాను" అంది. అంతే. నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే జవాబు చెప్పేవాణ్ణి. నా దగ్గర జవాబులు ఉన్నాయి.

నివేదిక చూపించాను. ఆ కాగితం ఊరూరా పంచుదామనీ, ఈసారి రికార్డింగులో 'పురుగుమందు' అనే మాట లేకుండా రాస్తాననీ చెప్పాను. వింటూ నా బల్ల కాళ్ళకేసి చూస్తోంది. చివరికి అంది:

"మాటలొద్దు బావూ. సెయ్యి కావాల."

అర్థం కాలేదన్నాను. అర్థమైంది.

"ఎల్లుండి మందిరం కాడ నువ్వు సెబుతావంట కదా. ఆ ఈదిలోకి నానొత్తాను. నువ్వొచ్చి గంప దించు. తినమన్ను, కొనమన్ను. నలుగురూ సూత్తుండగా ఓపాలి సెయ్యెయ్యి."

ప్రవచనం మధ్యలో లేవడం కుదరదన్నాను. గ్రంథం ముట్టే చెయ్యి అని కూడా అన్నానా? అన్నానేమో. ఆవిడ లేచి కొంగు దులుపుకుంది. వెళ్తూ వెళ్తూ చిన్న నెత్తళ్ళ పొట్లం బల్ల మీద పెట్టింది. "అమ్మగారికి" అంది.

అది వసంతకి ఇవ్వలేదు. కింద షాపువాళ్ళకి ఇచ్చేశాను.


మే 14

పొద్దుటి నుంచి చేతులు కడుక్కుంటూనే ఉన్నాను. పొట్లం నేను విప్పనే లేదు.


మే 15

ప్రవచనం బాగా జరిగింది. మందిరం నిండింది. మూడో అధ్యాయం చెప్పాను. పుకార్లు నమ్మేవాళ్ళని కడిగిపారేశాను.


మే 16

బాగా జరిగింది అని ఎందుకు రాశాను?

మూడో అధ్యాయంలో ఒక శ్లోకం ఉంది. పదిమంది తల ఎత్తి చూసే మనిషి ఏది చేస్తే మిగిలినవాళ్ళు అదే చేస్తారు, అతను దేన్ని ఒప్పుకుంటే లోకం దాని వెంటే నడుస్తుంది. నాకు నోటికి వచ్చిన శ్లోకం, లెక్కలేనన్నిసార్లు చెప్పిన శ్లోకం. ఇంటి పెద్దలకి చెప్పాను, మేష్టర్లకి చెప్పాను, సర్పంచుల మొహం మీద చెప్పాను. నిన్న కూడా మైకు ముందు అదే ఎత్తుకున్నాను. అప్పుడు వీధి మలుపులో గంగమ్మ కనబడింది.

తలమీద గంప. నడుచుకుంటూ వచ్చి మందిరం గేటు ఎదురుగా ఆగింది. లోపలికి రాలేదు. ఎవరినీ పిలవలేదు. నన్నే చూస్తూ నిలబడింది. ముందువరసలో ఉన్న ఆడవాళ్ళు ఆవిడని చూశారు, తర్వాత నన్ను చూశారు. నారాయణరావు భార్య మాధవీలత లేవబోయినట్టు మోకాలు ఎత్తి, నా మొహం చూసి, మళ్ళీ కూర్చుంది.

నా మొహంలో ఆవిడకి ఏం కనిపించింది?

నేను చెబుతూనే ఉన్నాను. గొంతు ఇంకా పెంచాను. పెద్దవాడు ఆచరించాలి, ఆచరించాలి, ఆచరించాలి అని మూడుసార్లు అన్నాను. మూడోసారి గొంతు దించి లాగాను. గేటు దగ్గర గంగమ్మ మెడ ఒక పక్కకి వణకడం ఇక్కడినుంచే తెలుస్తోంది. శ్లోకం అర్థం పూర్తయ్యేదాకా ఉంది. తర్వాత మెల్లగా తిరిగి, గంపతోనే వెళ్ళిపోయింది.

చప్పట్లు కొట్టారు.

ప్రవచనం మధ్యలో లేవడం తప్పు. అది మందిరం మర్యాద. అందుకే లేవలేదు.

అందుకు కాదు.


మే 17

ఈ వేళ మైకు పని ఏదీ ఒప్పుకోలేదు.


మే 19

వసంతతో గొడవ. నేనే మొదలుపెట్టాను. జనం మీద, ఫోన్ల మీద, ఉద్దానం మీద, అందరి మీదా అరిచాను. ఎంత చెప్పినా మారరు, ఇన్నేళ్ళు చెప్పినా ఒక్కరూ మారలేదు అన్నాను.

ఆవిడ కొబ్బరి కోరుతూ, "నాను మారలేదేటి?" అంది.

ఏం మారావన్నాను.

"పెల్లైన కొత్తలో నెత్తల్లు మామిడికాయ పులుసు లేందే నాకు ముద్ద దిగీది కాదు. మరిసిపోయినావా? నువ్వు మానేసినావు. నన్ను మానీమని నువ్వు సెప్పలేదు, ఓపాలి కూడా సెప్పలేదు. నీ కంచం సూసి నాను ఒగ్గేసినాను. నారాయణరావు బావ ఈదిలో ఆడోల్లు సగంమంది శనారాలు ఒగ్గేసినారు. నువ్వు సెప్పినావనా? నువ్వు తినవని."

  కోరుతూనే, "నీ నోరు పెద్దదనుకుంటావు నువ్వు" అంది. "నీ సెయ్యే పెద్దది."

ఇన్నేళ్ళు నా మాట పని చేస్తోందనుకున్నాను. పని చేసింది నా కంచం. అయితే గురువారం గేటు దగ్గర పని చేసింది ఏమిటి? నేను కుర్చీలోంచి కదలకపోవడం. పురుగుమందు ఉందని ఆటో ఒక్కటే చెప్పలేదు. ఫ్లెక్సీ ఒక్కటే చెప్పలేదు. కూర్మారావు చెయ్యి వెయ్యలేదంటే ఏదో ఉండే ఉంటుంది అని, మాధవీలత మోకాలు మళ్ళీ కిందికి దిగినప్పుడే, వీధి మొత్తానికి నేనే చెప్పాను. మైకు లేకుండా.

కార్డు తీసి చూశాను. కలవరపెట్టని మాట. మొదటిదే తప్పాను.


మే 20

రవికుమార్‌ని ఆటో ఆపేయమన్నాను. "అలాగే బావా, సీరల పెట్టీయనా?" అన్నాడు. ఏదీ పెట్టొద్దన్నాను.

ఫ్లెక్సీ నేనే విప్పాను. వెదురుకర్రల మీదకి ఎక్కి, అడ్డంగా కోసి, చుట్టి భుజానేసుకుని బస్టాండు దాకా నడిచాను. ఇది ఏ సినిమాదండీ అని ఒకడు అడిగాడు.

పడమటి వైపు మబ్బు. పలాసలో జీడి ఫేక్టరీల పొగ పైకి లేవకుండా కిందనే పాకుతోంది. అలా పాకితే వాన దగ్గరే ఉన్నట్టు.


మే 21

గంగమ్మకి ఫోన్ చేశాను. మనవరాలు కీర్తి ఎత్తింది. ఇంట్లో సగం నెత్తళ్ళకి చెమ్మ వాసన మొదలైందని చెప్పింది. రేపు అమ్మమ్మ నారాయణరావు ఊరు వెళ్తుందా అని అడిగాను. "గురువారం కదండి, ఎల్తాది. ఎవులూ దించకపోయినా ఎల్తాదంట. ఎల్లకపోతే తప్పు మనదే అనుకుంటారంట" అంది.

నేనొస్తానని చెప్పమన్నాను.  "మైకుతోనా అండి?" అని అడిగింది ఆ పిల్ల.


మే 22

తెల్లవారింది. వీధిలో మట్టి వాసన, ఇంకా చినుకు లేదు. స్నానమైంది. గ్రంథం ఎదురుగా ఉంది, తెరవలేదు. అందులో ఇవాళ చదవాల్సింది ఏమీ లేదు. అంతా తెలుసు. తెలిసి కూర్చోవడమే ఇన్నాళ్ళూ చేసింది.

వసంత గుమ్మంలో సంచీతో నిలబడింది. సంచీలో ఏముందో చూశాను, ఇంకో ఖాళీ సంచీ. ఎందుకన్నాను. "గంప దించి ఊరుకుంటావేటి? ఓ శేరు నెత్తల్లు నాకు తే. మామిడికాయ కోసి ఉంచుతాను. నువ్వు తినొద్దులే, నాను తింటాను" అంది. ఇన్నేళ్ళకి అడిగింది.

నేను తినను. అది నా వ్రతం, దాన్ని అమ్మకానికి పెట్టను. కానీ దించడానికి ఏ వ్రతం అడ్డు? ఏ శ్లోకం అడ్డు? వెతికాను, లేదు. అడ్డున్నది వాసన. అడ్డున్నది, నలుగురూ చూస్తారన్న భయం. నలుగురూ చూడటమే కదా కావలసింది!

ఇంకా రాస్తున్నావేమిటి కూర్మారావూ? ఇది కూడా మాటే. పొద్దెక్కుతోంది. ఈపాటికి ఆవిడ చుట్టకుదురు తలమీద పెట్టుకుని ఉంటుంది. మొదటి వీధి మొదటి గుమ్మానికి ఆవిడ రాకముందే నువ్వు అక్కడ ఉండాలి. మందిరం గేటు దగ్గర కాదు, వీధి నడిమధ్య. మైకు వద్దు, కాగితం వద్దు, ఉపన్యాసం వద్దు. రెండు చేతులూ వెయ్యి. మాధవీలత చూస్తుంది, నారాయణరావు చూస్తాడు, తలుపుల వెనకాల ఉన్నవాళ్ళంతా చూస్తారు. దించాక ఆ వాసన చేతులతోనే మందిరంలో గ్రంథం పట్టుకో. అదీ చూడనీ.

వచ్చే గురువారానికి వాన వచ్చేస్తుంది. వచ్చే గురువారం లేదు. పెన్ను పెట్టెయ్యి, చెప్పులేసుకో, కంచిలి బస్సు పట్టుకో. లే. ఇవాళే, ఇప్పుడే, వెళ్ళి ఆ గంప దించు.